నాన్నకి స్కూల్ క్రాసింగ్ గార్డ్ పని కావాలట, బోర్డు పట్టుకుని నిలబడటమేనా ఇంకేమన్నా ఉందా?

వేపచెట్టు_నీడ

అందరికీ నమస్తే. మేం న్యూజెర్సీలో ఉంటాం, నాన్న మా దగ్గరికొచ్చి తొమ్మిదేళ్లయింది, పోయినేడు సిటిజన్ కూడా అయ్యారు. వయసు 66. ఊళ్లో హైస్కూల్ లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, ఖాళీగా కూర్చోవడం ఆయన వల్ల కాదు, రోజూ మనవణ్ణి స్కూల్లో దింపి రావడం ఆయన డ్యూటీ. ఆ మలుపులో మెరిసే కోటు వేసుకుని స్టాప్ బోర్డు పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ ఈ జూన్‌తో మానేస్తోందట, అది విన్నప్పట్నుంచి ఇంట్లో ఒకటే పాట, "అమ్మాయ్, ఆ పనికి నా పేరు పెట్టు" అని. నాకేమో భయంగా ఉంది, రోడ్డు మధ్యలో నిలబడాలి, చలి, పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకి లేటయినవాళ్లు ఎలా తోలతారో మీకు తెలుసు. మా ఆయన "బోర్డు పట్టుకుని నిలబడటమేగా, చేయనీ" అంటున్నారు. అంతేనా? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

మూడోమలుపు

అమ్మా, నేను ఇదే స్టేట్‌లో ఐదో ఏడు చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా. ముందు మీ ఆయన మాట సంగతి. బోర్డు చూపిస్తే కార్లు ఆగిపోతాయి అనుకుని దిగినవాడు మొదటి వారమే హడలిపోతాడు. మనం ట్రాఫిక్ పోలీసు కాదు, నువ్వు రా నువ్వు ఆగు అని చేతులూపి కార్లని నడిపించే పని మనది కాదు, ట్రైనింగ్‌లో ఇది గట్టిగా చెప్తారు. వచ్చే కార్ల మధ్య ఖాళీ ఎక్కడ దొరుకుతుందో చూసుకుని, ఆ టైముకి మనం ముందు రోడ్డులోకి దిగి, బోర్డు ఎత్తి, అన్ని వైపులా బండ్లు నిజంగా ఆగాయని కళ్లతో చూసుకుని, ఆ తర్వాతే పిల్లల్ని రమ్మనాలి. దిగేది మనమే ముందు, రోడ్డు మీంచి వచ్చేదీ మనమే ఆఖరు. చివరి పిల్ల అవతలి గట్టెక్కేదాకా బోర్డు దించకూడదు.

అసలు కష్టం కార్లతో కాదండీ, పిల్లలతో. ఒక గుంపుని దాటించాక వెనకాల ఒకడు బ్యాగ్ ఊపుకుంటూ పరిగెత్తుకొస్తాడు, వాళ్లన్నయ్య అవతల ఉన్నాడు కదా అని. వాణ్ణి ఆపాలి, తర్వాతి గుంపుతో పంపాలి, అలాగని చెయ్యి పట్టి లాగకూడదు, నోటితోనే. సైకిల్ మీద వచ్చినవాడు దిగి నడిపించుకుంటూ రావాలి. ఇక్కడే మీ నాన్నగారు నాకన్నా నయం, ముప్పై ఏళ్లు క్లాసులో పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి కదా. నేను ఆర్టీసీలో కండక్టర్ని, నాకు అరవడమే వచ్చు, నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

కార్లలో ఎదురుగా వచ్చేవాళ్లకన్నా మలుపు తిరిగేవాళ్లతోనే ప్రమాదం. ఇక్కడ రెడ్ లైట్ ఉన్నా కుడికి తిరగనిస్తారు కదా, అలా తిరిగేవాడు ఎడమవైపు నుంచి వచ్చే కార్లనే చూస్తుంటాడు, కుడిపక్కన నడిచే పిల్ల వాడి కంట్లో పడదు. అందుకే డ్రైవర్ మొహం చూడాలి, వాడు మనల్ని చూశాడని తెలిసేదాకా కదలకూడదు. పొద్దున సూర్యుడు ఎదురుగా కొట్టే రోడ్డయితే వాడికి మనం కనపడట్లేదనే లెక్కేసుకోవాలి. ఫైరింజనో అంబులెన్సో వస్తుంటే పిల్లలందర్నీ ఫుట్‌పాత్ మీదే ఉంచేయాలి. ఆగకుండా పోయినవాడి వెంటపడి తిట్టడం మన పని కాదు, నంబరూ, బండి రంగూ, టైమూ రాసుకుని పోలీసులకివ్వాలి, అంతే. జేబులో చిన్న పెన్సిల్ పెట్టుకోమనండి, చలికి పెన్ను రాయదు.

తీసుకునేది స్కూల్ కాదు, ఊరి మున్సిపాలిటీ, పని చేసేది పోలీస్ చీఫ్ కింద. ఏడాదికి మించకుండా అపాయింట్‌మెంట్ ఇస్తారు, బాగుంటే మళ్లీ ఇస్తారు. ఈ స్టేట్ చట్టంలో 2 గంటల క్లాసు, అనుభవం ఉన్న గార్డ్ పక్కనో పోలీసు పక్కనో కనీసం 20 గంటలు నిలబడి నేర్చుకోవడం అని ఉంది. వేలిముద్రలూ, ఆరోగ్యం చెకప్పూ మామూలే. పొద్దున గంటో గంటన్నరో, మళ్లీ స్కూల్ వదిలేటప్పుడు అంతే, మధ్యలో ఇంటికెళ్లి భోంచేసి రావచ్చు. కానీ రోజు రెండు ముక్కలవుతుంది, ఎక్కడికీ పోలేం. మంచు పడి స్కూల్ రెండు గంటలు లేటంటే మనమూ లేటు, హాఫ్ డే అంటే తొందరగా వెళ్లాలి. ఒంట్లో బాగోకపోతే తెల్లారకముందే ఫోన్ చేయాలి, మన చోటు ఖాళీగా ఉండకూడదు, మా ఊళ్లో అయితే పోలీసే వచ్చి నిలబడతాడు. డ్యూటీలో సెల్ ముట్టుకోకూడదు. మీ నాన్నగారికి వాట్సాప్ జబ్బుంటే ఇప్పుడే మాన్పించండి.

గోదారిగట్టు

ఏమనుకోకండి గానీ మాస్టారుగా చేసి రోడ్డు మీద బోర్డు పట్టుకోవడం ఏంటండీ, ఊళ్లో తెలిస్తే ఏమనుకుంటారు.

మూడోమలుపు

ఊళ్లోవాళ్లు ఇక్కడికొచ్చి చలిలో నిలబడతారా బాబూ. నా మలుపులో దాటే పిల్లలకి నా పేరు తెలుసు, నాకు వాళ్ల కుక్కల పేర్లు కూడా తెలుసు.

లీడ్స్‌లో_లింగం

మా ఇంగ్లండ్‌లో దీన్ని లాలీపాప్ మ్యాన్ అంటారు, గుండ్రటి బోర్డుకి పొడుగు కర్ర ఉంటుంది కాబట్టి. 1953లో చట్టం చేసి 1954 నుంచి అమల్లోకి తెచ్చారు. మొదట్లో బడి పిల్లల కోసమే, 2000 చట్టం తర్వాత పెద్దవాళ్లనీ దాటించొచ్చు, పసిపిల్లల్ని బండిలో తోసుకొచ్చే తల్లులూ ముసలాళ్లూ అందరూ వాడుకుంటారు. బోర్డు చూపించినా ఆపకపోతే 1000 పౌండ్ల దాకా ఫైన్, లైసెన్సు మీద 3 పాయింట్లు. అయినా తప్పించుకుని పోయేవాళ్లు ఉంటారు. ఇంకో సంగతి, ఇక్కడ కౌన్సిల్ కచ్చితంగా మనిషిని పెట్టాలనే రూలేం లేదు, డబ్బుల్లేవంటే ముందు పోయేది ఈ పోస్టులే. మా పాప స్కూల్ దగ్గర ఆవిడ మానేశాక వేరే మనిషిని పెట్టలేదు, ఇప్పుడు మేం తల్లిదండ్రులం చేతులు పట్టుకుని పరిగెత్తడమే.

గోదారిగట్టు

మా ఊరి హైవే మీద బడి వదిలేటప్పుడు పీటీ సారు విజిల్ వేసుకుంటూ చెయ్యి అడ్డం పెడతారు, కోటు లేదు, బోర్డు లేదు, ఇసుక లారీలకి ఎదురుగా. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనా ఇదే పని చేస్తున్నారు, పైసా లేకుండా. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

వేపచెట్టు_నీడ

మూడోమలుపు గారూ, మీది మొత్తం నాన్నకి చదివి వినిపించా. మొదటి ప్రశ్న, "ఆఖర్న ఎవరు గట్టెక్కాలి" అని ఆయనే మా ఆయన్ని అడిగారు, మా ఆయన నోరు మూసుకున్నారు. ఈ సోమవారం మున్సిపల్ ఆఫీసుకెళ్లి అప్లికేషన్ తెస్తాం. ఒక్కటి చెప్పండి, నాన్నకి కుడి చెవి కొంచెం మందం, చెకప్‌లో ఇబ్బందవుతుందా?

మూడోమలుపు

దాచకండి, డాక్టర్‌కి ముందే చెప్పండి. మిషన్ పెట్టుకుంటే మా టౌన్లో అభ్యంతరం పెట్టలేదు, మాలో ఒకాయన పెట్టుకునే చేస్తాడు. వెనకనుంచి వచ్చే ఎలక్ట్రిక్ కార్లు చెవి బాగున్నవాళ్లకే సరిగ్గా వినపడవు. తల తిప్పి చూడటం అలవాటు చేయించండి, మనవణ్ణి దింపేటప్పుడు రేపట్నుంచే.