ఏళ్ల తరబడి బాగుచేసిన పుష్పక్ విమానాన్ని కాలేజీ పట్టుకుపోయింది – పనిచేసినవాళ్లకి హక్కేమీ లేదా?

కొత్తపేట_కిరణ్:
గుంటూరు శివారులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వెనక రేకుల షెడ్డులో చిన్న విమానం ఒకటి ఉండేది. మీలో కొందరు చూసే ఉంటారు. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) వాళ్ల పుష్పక్. రెండు సీట్లు, 90 హార్స్ పవర్ కాంటినెంటల్ ఇంజను, ఉక్కు గొట్టాల ఫ్రేము మీద గుడ్డ. 1958లో మొదటిసారి ఎగిరిన రకం. ఒకప్పుడు మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో దీని మీదే నేర్చుకుని పైలట్లయినవాళ్లు ఎందరో. కాలేజీ వాళ్లు ఏరోనాటికల్ బ్రాంచి పెట్టినప్పుడు పాతది కొని తెచ్చారు. పిల్లలు చేరక బ్రాంచి మూసేశారు, విమానం ఎలుకల పాలైంది.

రిటైరైన ఒక లెక్చరర్ గారు, కొందరు పాత విద్యార్థులు, విజయవాడ ఆటోనగర్ నుంచి ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు ఆదివారాలు వచ్చి దాన్ని బాగుచేశారు. ఏళ్లు పట్టింది. ఇంజను కూడా స్టార్ట్ చేసి చూపించారు. ఆ లెక్చరర్ గారు ఆ తర్వాత కాలం చేశారు. పోయిన నెల వెళ్తే షెడ్డు ఖాళీ. హైదరాబాద్‌లో తమ కొత్త క్యాంపస్ రిసెప్షన్ హాల్లో పెట్టారట. ఎవరికీ చెప్పలేదు. నేను కొంచెం చందా ఇచ్చినవాణ్ణి, అంతే. కానీ అన్యాయం అనిపిస్తోంది. మీరేమంటారు?

బ్రాడీపేట_ప్లీడరు:
అన్యాయం వేరు, హక్కు వేరు. విమానం ఎవరు కొన్నారు? కాలేజీ. షెడ్డు ఎవరిది? కాలేజీది. పనిచేసినవాళ్లతో కాగితం ఏమైనా రాసుకున్నారా? రాసుకుని ఉండరు. మనవాళ్లు ‘మన మధ్య కాగితాలేంటి సార్’ అంటారు, తర్వాత మా ఆఫీసు మెట్లెక్కుతారు. ఇందులో చర్చించాల్సింది ఏముంది?

లంక_కుర్రోడు:
పుష్పక్ పేరు పెట్టినప్పుడే తెలియాలి. కుబేరుడి దగ్గర్నుంచి రావణుడు పట్టుకుపోలేదూ 😀

పటమట_పద్మ:
అద్దె ఇంట్లో మా డబ్బుతో బోరు వేయించాం. నీళ్లు పడిన ఆర్నెల్లకి ‘మా అబ్బాయికి పెళ్లి, ఇల్లు కావాలి’ అన్నాడు ఓనరు. ఆ బోరు మీద ఇప్పుడు మూడు వాటాలు అద్దెకిస్తున్నాడు. ప్లీడరు గారి లెక్క ప్రకారం అదీ సబబే అనుకుంటా.

బ్రాడీపేట_ప్లీడరు:
పద్మ గారూ, బోరు తవ్వించేముందు ఓనరుతో రాయించుకున్నారా?

పటమట_పద్మ:
మీరు మా ఓనరుకి చుట్టాలా?

ఆటోనగర్_మేస్త్రి:
అందరికీ నమస్కారం. కిరణ్ గారు చెప్పిన ఇద్దరు ముగ్గురిలో నేనొకణ్ణి. మామూలుగా ఇక్కడ చదివి ఊరుకుంటాను. ప్లీడరు గారి మాట చూశాక రాయాలనిపించింది.

ప్లీడరు గారూ, మా షెడ్డుకి కారు వస్తుంది. పని చేస్తాం. డబ్బులిచ్చేదాకా తాళం ఇవ్వం. ఎస్పీ గారి బావమరిది కారైనా అంతే. మరి ఆ విమానం ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో విప్పి కాయిల్ చుట్టించింది నేను. తుప్పు పట్టిన గొట్టాలు కోసి గ్యాస్ వెల్డింగ్ చేసింది మా వాళ్లు. గుడ్డ కట్టడం అంటే తెలుసా మీకు? రెక్క లోపలి ప్రతి రిబ్బు బద్ద దగ్గరా పైగుడ్డనీ కింది గుడ్డనీ కలిపి, మైనం పట్టించిన దారంతో పొడవాటి సూది పెట్టి కుట్టాలి. పైన ఒకళ్లు, కింద ఒకళ్లు కూర్చుని సూది అందుకోవాలి. అది మావల్ల కాలేదు. అరండల్‌పేటలో జాకెట్లు కుట్టే ఒకావిడ వచ్చి కుట్టింది. ఆ కుట్లు చూసి సార్ చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత డోప్ అనే పూత. అది పూస్తే ఆరేకొద్దీ గుడ్డ బిగుస్తుంది. వానాకాలంలో పూస్తే గాల్లో తేమకి తెల్లగా పొగ పట్టినట్టు తేలుతుంది, మళ్లీ తోమి మళ్లీ పూయాలి. మన గుంటూరులో అందుకు కుదిరేది సంక్రాంతి అయ్యాక కొన్ని వారాలు. ఆ తర్వాత ఎండకి థిన్నర్ ఆవిరైపోతుంది. అందుకే ఏళ్లు పట్టింది. మేం బద్ధకించి కాదు.

బ్రాడీపేట_ప్లీడరు:
మేస్త్రి గారూ, మీ పని మీద నాకు గౌరవం ఉంది. కానీ మీరు చెప్పిన తాళం సంగతి 1872 కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షన్. వస్తువు మీ చేతికి అప్పగించాలి, దానిమీద మీరు శ్రమ పెట్టాలి, కూలి బాకీ ఉండాలి. అప్పుడే వస్తువు ఆపుకునే హక్కు. ఇక్కడ మొదటిదే లేదు. వాళ్ల వస్తువు వాళ్ల షెడ్డులోనే ఉంది, మీరే అక్కడికి వెళ్లారు. అప్పగింతే జరగలేదు. కూలీ మాట్లాడుకోలేదు. పైగా ఆ హక్కు వస్తువు చేతిలో ఉన్నంతవరకే.

ఇంకొకటి 70వ సెక్షన్. ఒకరికోసం పని చేస్తే, వాళ్లు దాని లాభం పొందితే, పరిహారం ఇవ్వాలి. అయితే ఉచితంగా చేసే ఉద్దేశం ఉండకూడదు. మీరు ఆదివారాలు మీ అంతట మీరు వెళ్లారు కదా.

లంక_కుర్రోడు:
అయితే విమానాన్ని ఆటోనగర్‌కి తోలుకొచ్చి రిపేరు చేసుంటే గెలిచేవాళ్లన్నమాట.

బ్రాడీపేట_ప్లీడరు:
కూలి రేటు ముందే మాట్లాడుకుని ఉంటే, అవును. నేను హాస్యానికి అనడం లేదు.

వైజాగ్_వలస:
హక్కుల గొడవ పక్కన పెట్టండి. పాత విమానానికి కావలసింది డబ్బున్న దిక్కు. మా బీచ్ రోడ్డులో టీయూ-142 అనే పాత గస్తీ విమానం ఉంది. నేవీ 2017లో విరమింపజేసింది, అదే ఏడాది డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు. ఉప్పుగాలి పక్కనే ఉన్నా నిలబడిందంటే కారణం వెనక సంస్థలుండటం. పది మంది ఆదివారం మనుషుల వల్ల అయ్యేది కాదు.

ఆటోనగర్_మేస్త్రి:
పది మంది ఆదివారం మనుషుల వల్లే అయింది సార్. ఎలుకల పిల్లల్ని తీసింది ఏ సంస్థా కాదు.

తెనాలి_టు_ఒహాయో:
నేనుండేది అమెరికాలో డేటన్ దగ్గర. ఇక్కడి ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో మెంఫిస్ బెల్ అనే బీ-17 బాంబర్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో దాని సిబ్బంది 25 దాడులు పూర్తిచేసి ప్రాణాలతో తిరిగొచ్చారు, దాంతో బాగా పేరొచ్చింది. 1946లో తుక్కు కాబోతుంటే మెంఫిస్ నగరం 350 డాలర్లకి తీసుకుంది. దశాబ్దాలపాటు బయటే నిలబెట్టారు. వచ్చినవాళ్లు జ్ఞాపకంగా ఉంటుందని పరికరాలు పీక్కుపోయారు. తర్వాత స్థానికులు సంఘం పెట్టుకుని డబ్బు పోగుచేశారు, పందిరి కట్టారు, 2003లో విప్పి బాగుచేయడం మొదలుపెట్టారు. పని మధ్యలో ఉండగానే మ్యూజియం వాళ్లు ‘ఇది మాది, ఇచ్చేయండి’ అన్నారు. 2005లో డేటన్ వచ్చేసింది. ఇక్కడ ఏళ్లకేళ్లు పనిచేసి 2018 మే 17న జనానికి చూపించారు. నేను చూశాను. కొత్త పెళ్లికూతురిలా ఉంది. మెంఫిస్ వాళ్లు బాధపడ్డారు, నిజమే. కానీ విమానం బతికింది. మన పుష్పక్ కూడా ఏసీ హాల్లో బతుకుతుంది.

ఆటోనగర్_మేస్త్రి:
350 డాలర్లకి నగరం కొనుక్కుందన్నారు. మళ్లీ ఎయిర్ ఫోర్స్‌ది ఎలా అయింది?

తెనాలి_టు_ఒహాయో:
1970ల్లో నగరమే హక్కు వదులుకుని వాళ్లకి ఇచ్చేసింది. సరిగ్గా చూసుకున్నంత కాలం మెంఫిస్‌లోనే ఉండనిస్తామన్నారు.

ఆటోనగర్_మేస్త్రి:
ఇచ్చింది నగరం పెద్దలు. బాగుచేసింది వేరేవాళ్లు. ఇక్కడా అంతే.

పటమట_పద్మ:
మెంఫిస్ వాళ్లని అడిగైనా తీసుకెళ్లారు కదండీ. ఇక్కడ అదీ లేదు.

కృష్ణలంక_రావు:
ఎగరని విమానం గురించి ఇంత రాద్ధాంతమా. ఎగరనిది బొమ్మ.

వైజాగ్_వలస:
ఎగిరించాలనుకుంటే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. గ్రీన్‌లాండ్ మంచులో 1947లో దిగిపోయిన కీ బర్డ్ అనే బీ-29 బాంబర్‌ని అమెరికా నుంచి ఒక బృందం వెళ్లి కొత్త ఇంజన్లు బిగించి బాగుచేసింది. 1995లో ఎగరడానికి మంచు మీద నడుపుతుంటే మంటలు లేచి చాలావరకు కాలిపోయింది. వాళ్ల చీఫ్ ఇంజనీరు అంతకుముందే జబ్బుపడి చనిపోయాడు. పోగొట్టుకోవడం అంటే అదీ. మీది హైదరాబాద్‌లో ఉంది, టికెట్ కొనుక్కుంటే అయిదారు గంటల్లో చూడొచ్చు.

బ్రాడీపేట_ప్లీడరు:
అదే నేనూ అంటున్నది. పనికి ఎవరూ బలవంతపెట్టలేదు. నచ్చి చేశారు. ఉచితంగా చేసినదాన్ని తర్వాత బాకీలా చూపించడం మర్యాద కాదు. కావాలంటే సామాన్ల బిల్లులు తీయండి, ఖర్చయిన మేరకు అడుగుతూ నోటీసు రాసిపెడతాను, ఫీజు వద్దు.

ఆటోనగర్_మేస్త్రి:
బిల్లులు అడగలేదు సార్! మీరు మొదటి నుంచీ డబ్బు దగ్గరే తిరుగుతున్నారు. హైదరాబాద్‌లో దాని ముందు ఇత్తడి బోర్డు పెట్టారు. మా మేనల్లుడు వెళ్లి ఫోటో తీసి పంపాడు. ‘చైర్మన్ గారి ప్రోత్సాహంతో మా విద్యార్థులు పునరుద్ధరించినది’ అని ఉంది. విద్యార్థులు! మా సార్ పేరు లేదు. నా పేరు లేకపోతే పోయింది, కుట్టినావిడ పేరు లేదు. మర్యాద గురించి మీరు నాకు చెప్తారా? నల్లకోటు వేసుకున్నంత మాత్రాన మర్యాద మీ సొంతమా?

మోడరేటర్:
వ్యక్తిగత మాటలు వద్దు. ఇంకోసారైతే ఈ చర్చా దారం మూసేస్తాను.

లంక_కుర్రోడు:
దారం మూస్తే కుట్టినావిడ ఊరుకోదు.

పాత_విద్యార్థి_ఏరో:
నేను ఆ బృందంలో ఉన్నాను. ఇన్ని రోజులూ రాయకూడదనుకున్నాను. కానీ ‘ఎవరికీ చెప్పలేదు’ అనే మాట నిజం కాదు.

సార్ పోయాక షెడ్డుకి వచ్చేవాళ్లు ముగ్గురు నలుగురు మిగిలారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు షెడ్డు రేకులు లేచిపోయి ఎడమ రెక్క తడిసింది. దాన్ని ఆరబెట్టడానికే మాకు వేసవి దాకా పట్టింది. రేకులు వేయించమంటే కాలేజీ కదల్లేదు. ఆ తర్వాత మేనేజ్‌మెంట్ నుంచి కబురొచ్చింది, హైదరాబాద్ తీసుకెళ్తాం, మీ అందరికీ సమ్మతమేనా అని. ఉన్నవాళ్లం సంతకం పెట్టాం. నేనూ పెట్టాను. తప్పు చేశానని అనుకోవడం లేదు. నాకు ఇద్దరు పిల్లలు, నైట్ షిఫ్టు ఉద్యోగం. ఇంకో తుపాను వస్తే ఆ గుడ్డ ఉండేది కాదు.

కొత్తపేట_కిరణ్:
సంతకమా? ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే!

ఆటోనగర్_మేస్త్రి:
ఎప్పుడు బాబూ ఆ సంతకం?

పాత_విద్యార్థి_ఏరో:
బుడమేరు వరద వచ్చిన ఏడాది. దసరా ముందు. అన్నా, మీరు అప్పటికి రావడం మానేశారు.

ఆటోనగర్_మేస్త్రి:
మానేశానా! సెప్టెంబరులో సింగ్ నగర్‌లో మా ఇల్లు మునిగింది. ఇంట్లో బురద ఎత్తిపోసుకుంటున్నాను. మా షెడ్డులో మిషన్లు తడిసి దీపావళి దాకా నాకు పని లేదు. నువ్వు ఫోన్ చేశావు ఆ రోజుల్లో, గుర్తుందా? ‘అన్నా బాగున్నారా, పాలు దొరుకుతున్నాయా’ అని అడిగావు. సంతకం మాట చెప్పడానికి నోరు రాలేదా?

పాత_విద్యార్థి_ఏరో:
ఇల్లు మునిగినవాడికి విమానం సంగతి ఎలా చెప్పను? చెప్తే మీరు ఒప్పుకునేవాళ్లా?

ఆటోనగర్_మేస్త్రి:
ఒప్పుకునేవాణ్ణి కాదు. అందుకే చెప్పలేదు నువ్వు. ప్లీడరు గారి మీద అరిచాను, ఆయన పరాయివాడు. నువ్వు నా పక్కన కూర్చుని సూది అందుకున్నవాడివి.

పాత_విద్యార్థి_ఏరో:
మీకు ఆ షెడ్డు కావాలి అన్నా. ఆ టీ, ఆ కబుర్లు, సార్ కుర్చీ. నాకు విమానం కావాలి. రెండూ ఒకటే అనుకున్నాం ఇన్నాళ్లూ.

పటమట_పద్మ:
మీ ఇద్దరి గొడవ ఫోన్లో తేల్చుకోండి. కానీ అబ్బాయీ, సంతకం పెట్టేటప్పుడు బోర్డు మీద ఏం రాస్తారని అడగాలని తోచలేదా?

పాత_విద్యార్థి_ఏరో:
బోర్డు సంగతి నాకు తెలియదు. ఫోటో ఇప్పుడే విన్నాను. ఇంకో విషయం, అన్నా. విమానం లాగ్ బుక్కు, ఇంజను లాగ్ బుక్కు షెడ్డులో దొరకలేదట. హైదరాబాద్ వాళ్లు అడుగుతున్నారు. అవి లేకపోతే దాని చరిత్రకి ఆధారం లేనట్టే.

ఆటోనగర్_మేస్త్రి:
చెద పడుతుందని సార్ నా చేతికిచ్చారు. మా ఇంట్లో అటక మీద ఉన్నాయి. వరదలో తడవలేదు. ఏ రోజు ఎంతసేపు ఎగిరిందో, ఏ పార్టు ఎప్పుడు మార్చారో అంతా ఉంది. చివరి పేజీల్లో మేం చేసిన పని సార్ తన చేత్తో రాశారు, ఎవరు చేశారో పేర్లతో.

బ్రాడీపేట_ప్లీడరు:
అవి విమానంతోపాటు పోవాల్సినవి, యజమానివి. మర్యాదగా ఇచ్చేయండి. అట్టిపెట్టుకుంటే మీ మీదే కేసవుతుంది. ఈ మాట మీ మంచికే చెప్తున్నాను.

ఆటోనగర్_మేస్త్రి:
ఇస్తాను. సార్ రాసిన పేర్లన్నీ ఆ బోర్డు మీదికి ఎక్కించి, ఫోటో తీసి ఇక్కడే పెట్టమనండి. ఆ రోజే నేను బస్సెక్కి తెచ్చి చేతికిస్తాను.

బ్రాడీపేట_ప్లీడరు:
అలా షరతు పెట్టే హక్కు మీకు ఏ సెక్షన్ కిందా లేదు.

ఆటోనగర్_మేస్త్రి:
సెక్షన్ నంబరు మీరే వేసుకోండి సార్.