‘మాయాసరోవరం’ తెరకెక్కితే: ఒకే సినిమానా, వారానికో భాగమా, అసలు ముట్టుకోకూడదా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

నాలుగు రోజులుగా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు తిరుగుతోంది. చందమామలో వచ్చిన ‘మాయాసరోవరం’ సినిమాగా వస్తోందట. నీళ్లలోంచి మొసలి తలతో మకరకేతు లేస్తున్నాడు, వెనక శూలం పట్టుకుని సిద్ధసాధకుడు. కింద చూస్తే నిర్మాత పేరు లేదు, దర్శకుడి పేరు లేదు, తేదీ అసలే లేదు. ఎవరో ముచ్చటపడి కంప్యూటర్‌లో చేసుకున్నదే అని నా అనుమానం. అయినా అది చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషమో టెన్షనో చెప్పలేను.

తెలియని చిన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి డెబ్బైల చివరిదాకా చందమామకి పన్నెండు జానపద సీరియళ్లు రాశారు. ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, యక్షపర్వతం... పేర్లు తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. మాయాసరోవరంలో రాజుగారి పిల్లలు మాయమైపోతారు. వాళ్లని వెతుక్కుంటూ జయశీలుడు, సిద్ధసాధకుడు బయలుదేరతారు. అంతే కథ. ఆ ‘అంతే’కి నెలల తరబడి కూర్చోబెట్టారు.

మా నాన్న బడిపంతులు, నేనూ టీచర్నే. ఆమదాలవలస స్టేషన్లో దిగి వచ్చేటప్పుడు అక్కడి పుస్తకాల కొట్టులో చందమామ కొనుక్కొచ్చేవారు. నాకప్పుడు పదకొండేళ్లు. చివర ‘ఇంకా ఉంది’ అని ఉంటుందా, ఇక నెల్లాళ్లు బడికి వెళ్తూ వస్తూ నేనూ నా స్నేహితురాలూ తర్వాతేం జరుగుతుందో తేల్చుకునేవాళ్లం. మేం తేల్చింది ఒక్కసారీ నిజం కాలేదు.

సీరియల్ అయిపోయాక నాన్న ఆ పేజీలు మాత్రం విప్పి, విడిగా బైండు చేయించారు. మా తమ్ముడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. వాడికి చదవడం బాగా వచ్చాక ఒక వేసవిలో ఆ బైండు చేతపట్టుకుని, లాంతరు పక్కన పెట్టుకుని ఒక్క రాత్రిలో చదివేశాడు. ఇప్పుడు ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటే వేరువేరు కథలు చదివినట్టుంటుంది. నాకు గుర్తున్నవన్నీ కథ ఆగిన చోట్లు. వాడికి గుర్తున్నది పరుగు.

అందుకే నా మాట ఇది. తీస్తే వారానికో భాగంగా తియ్యాలి. అన్నీ ఒకేసారి వదలకూడదు కూడా. రెండున్నర గంటల సినిమా అంటే మా తమ్ముడి బైండే. మీరేమంటారు?

మూడులాంతర్లు (విజయనగరం):

టీచరుగారూ, నమస్కారం. మీ జ్ఞాపకం బాగుంది గానీ దాన్ని అందరి మీదా రుద్దితే ఒప్పుకోను. నాది ఎడిటింగ్ పని. పెళ్లి వీడియోలే అనుకోండి, అయినా ఎక్కడ కోయాలో పదేళ్లుగా నేర్చుకుంటున్నాను.

ఆ సీరియళ్లు నేనూ చదివాను, స్కాన్లలో. వరసగా చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ప్రతి నెలా మొదట జరిగిన కథ, తర్వాత ఒక కొత్త ఆపద, చివర ఇంకో ఆపద మొదలు. నెలకోసారి చదివేవాళ్లకి అది బ్రహ్మాండం. తెర మీద ఇరవై వారాలు అదే వరస పెడితే నాలుగో వారానికి జనం ‘మళ్లీ పట్టుకుపోయారా?’ అంటారు.

పాతాళభైరవి గుర్తు చేసుకోండి. 1951. తీసింది ఎవరు? నాగిరెడ్డి, చక్రపాణి. 1947లో చందమామ పెట్టినవాళ్లే. కథకి మూలం కాశీమజిలీ కథలు. మజిలీ మజిలీకి ఒక కథ చెప్పే ఆ పుస్తకంలోంచి ఒక్కటి ఏరుకుని, కె.వి. రెడ్డి చేత ఒక్క ఆటలో ముగించేలా తీయించారు. నెలనెలా పాఠకుణ్ణి ఎలా కూర్చోబెట్టాలో వాళ్లకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? అయినా సినిమా దగ్గరికొచ్చేసరికి సినిమా లెక్కే చూసుకున్నారు. ఇంకో వైపు ‘హాబిట్’ చూడండి. చిన్న పుస్తకాన్ని 2012 నుంచి 2014 దాకా మూడు సినిమాలుగా సాగదీశారు. పుస్తకం ఇష్టపడినవాళ్లే చాలామంది విసుక్కున్నారు.

ఏడురోడ్ల జంక్షన్:

ఏటి బావూ, పెద్ద పెద్ద మాటలు. మన వాళ్ల చేతిలో పడితే ఏటవుతాదో నేను సెప్తాను. జయశీలుడికి ఇంట్రో పాట. సిద్ధసాధకుడు కామెడీ. మకరకేతుకి ఫ్లాష్‌బ్యాక్, చిన్నప్పుడు వాళ్లమ్మని ఎవడో చంపేసుంటాడు. చివర్లో ‘రెండో భాగం వచ్చే సంక్రాంతికి’.

పాతాళభైరవి అంటే గుర్తొచ్చింది, దానికి మాటలూ పాటలూ రాసిన పింగళి మా శ్రీకాకుళం జిల్లా రాజాంలో పుట్టాడు. అందుకే ఆ మాంత్రికుడు అలా మాటాడాడు.

మూడులాంతర్లు:

రాజాం 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది మాస్టారూ. పింగళి ఇప్పుడు మావాడు.

ఏడురోడ్ల జంక్షన్:

ఆయన పుట్టింది 1901లో. అప్పటికి మీ జిల్లా లేదు, మా జిల్లా లేదు. వదిలేద్దాం.

కళింగపట్నం లైట్‌హౌస్:

నాది మూడో పార్టీ. ముట్టుకోవద్దు.

మీరంతా కథ గురించి మాట్లాడుతున్నారు. చందమామ అంటే సగం బొమ్మలు. వపా వేసిన ఆ రాక్షసులు, ఆ కోటలు కళ్ల ముందు ఉండగా ఏ గ్రాఫిక్స్ వచ్చినా తేలిపోతాయి. పైగా వపా, అంటే వడ్డాది పాపయ్య, 1921లో శ్రీకాకుళంలో పుట్టినవాడు. మనవాడి బొమ్మల్ని మనమే పాడుచేసుకోవడం దేనికి? కథలకి ఒక ఇల్లే ఉన్న ఊరు మనది. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు, 1997లో కథానిలయం పెట్టింది కథలు చదవడానికే కదా. పుస్తకం ఉంది, చదువుకోండి.

నాగావళి గట్టు:

లైట్‌హౌస్‌గారూ, ఒక సవరణ. వపాగారివి ముఖచిత్రాలు, వెనక అట్ట బొమ్మలు. లోపల ఈ సీరియళ్లకి వేసింది చిత్రగారు. బేతాళ కథలకి శంకర్‌గారు. ముగ్గుర్నీ కలిపేస్తే మా నాన్న పైనుంచి మొట్టికాయ వేస్తారు.

మీ వాదన మాత్రం కొట్టిపారేయలేను. పోస్టరు చూసి నాకు గుచ్చుకున్నది కూడా అక్కడే. అందులో మకరకేతు చర్మం మీద పొలుసులన్నీ లెక్కపెట్టొచ్చు. చిత్రగారి మకరకేతు అలా ఉండడు. తల మొసలిదే, నిలబడ్డ తీరు మాత్రం కోటగుమ్మం దగ్గర డ్యూటీలో ఉన్న మనిషిది. అందుకే అంత భయం వేసేది.

పాతాళభైరవి మాటకి జవాబు. దాంట్లో ఒకే కోరిక నడుస్తుంది. తోటరాముడికి రాజకుమారి కావాలి. ఆ తాడు పట్టుకుని ఎంత దూరమైనా వెళ్లొచ్చు, రెండు చివర్లూ కనబడుతూనే ఉంటాయి. మాయాసరోవరం అలా కాదు, దారి కథ. దారిలో తగిలినవాళ్లే కథ. వాళ్లని కోసేస్తే మిగిలేది ‘వెళ్లారు, తెచ్చారు’. జరిగిన కథ ప్రతిసారీ చెప్పడం విసుగన్నారు చూడండి, అది ఒప్పుకుంటాను. మేమూ అది వదిలేసే చదివేవాళ్లం.

సిరిమాను (విజయనగరం):

ఇక్కడ పిల్లలున్న దాన్ని నేనొక్కదాన్నే అనుకుంటా, కాబట్టి నా గోల వినండి. మా పెద్దదానికి పదేళ్లు, చిన్నాడికి ఏడు. ‘రాకాసిలోయ’ స్కాను ఫోన్లో పెట్టుకుని రాత్రిపూట చదివి వినిపిస్తున్నాను. కేశవుడు, జయమల్లు, బ్రహ్మదండి మాంత్రికుడు ఇప్పుడు మా ఇంట్లో మనుషులు. బ్రహ్మదండి పేరు చెబితే గాని చిన్నాడు పాలు తాగడు.

మొదటి రోజు ఒక భాగం అయ్యాక ఫోను పక్కన పెట్టేశాను. ఏడుపు. ‘తర్వాతది ఫోన్లోనే ఉంది కదమ్మా!’ అని పెద్దది వాదించింది. ఉంది. ఒక్కసారి వేలు జరిపితే చాలు. అయినా రేపే అన్నాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి నోట్‌బుక్కు వెనక మాంత్రికుడి బొమ్మ వేసుకొచ్చింది. అప్పుడు టీచరుగారు చెప్పే నెల్లాళ్లు ఏమిటో నాకు అర్థమైంది. కానీ ఆ ఆగడం కథలో లేదండీ, చెప్పేవాళ్ల చేతిలో ఉంది. మా అమ్మమ్మ ఊళ్లో జముకుల కథ చెప్పడానికి వచ్చేవారు. సరిగ్గా ఉత్కంఠ పెరిగిన చోట కథకుడు ఆపి, జముకు వాయిస్తూ అందరి మొహాలూ ఒకసారి చూసేవాడు. డబ్బులు పడేదాకా కథ కదిలేది కాదు. అదీ ‘ఇంకా ఉంది’యే.

లైట్‌హౌస్‌గారికి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మా పిల్లలకి ఆ బొమ్మలు చూపిస్తే ‘భయం వేయట్లేదు, బాగున్నాడు’ అన్నారు రాక్షసుణ్ణి. నా గుండె కలుక్కుమంది. మనకి దేవుళ్లలాంటి బొమ్మలు వాళ్లకి పాత బొమ్మలు. సినిమా వద్దంటే వాళ్లకి ఆ కథ వద్దన్నట్టే.

మూడులాంతర్లు:

సిరిమానుగారి మాటతో నేను కొంచెం జరిగాను. పూర్తిగా కాదు.

చెప్పేవాళ్ల చేతిలో ఉంది అన్నారు, అక్కడే నా భయం. ఓటీటీలో ఆపడం చూసేవాడి చేతిలో ఉంటుంది. వారానికోటి వదిలినా, ‘అన్నీ వచ్చాక చూద్దాంలే’ అని ఆగేవాళ్లు సగం మంది. నేనూ అంతే. అంటే అందరం టీచరుగారి తమ్ముడి పార్టీయే. హాల్లో అలా కాదు, తర్వాత ఏమవుతుందో పక్కవాడికీ తెలియదు. వెయ్యిమంది ఒకేసారి ఊపిరి బిగబట్టాలంటే సినిమాయే కావాలి.

తమిళంవాళ్లు చేసి చూపించారు కదా. పొన్నియిన్ సెల్వన్ కూడా పత్రిక సీరియలే, చందమామలాగే మద్రాసుది. 1950 నుంచి 1954 దాకా కల్కి పత్రికలో వారం వారం వచ్చింది, మణియం బొమ్మలతో. పుస్తకంగా ఐదు భాగాలు. మణిరత్నం 2022లో ఒకటి, 2023లో ఒకటి, రెండు సినిమాల్లో సర్దారు. అభిమానులు గొణిగారు, ఫలానా ఘట్టం లేదని. అయినా వెళ్లారు.

మకరకేతు విషయంలో నాకొక పిచ్చి ఆలోచన ఉంది. గ్రాఫిక్స్ వద్దు. మన పైడితల్లమ్మ పండక్కి వేషాలు కడతారు చూశారా, పులి వేషం దగ్గరికొస్తే అది మనిషేనని తెలిసి కూడా పిల్లలు అమ్మ చీర కొంగు పట్టుకుంటారు. అలా మాస్కు కట్టి ఒక మనిషిని నిలబెడితే చాలు. టీచరుగారు చెప్పిన ‘డ్యూటీలో ఉన్న మనిషి’ అప్పుడే వస్తాడు.

ఏడురోడ్ల జంక్షన్:

షూటింగ్ శాలిహుండంలో పెట్టండి. వంశధార ఒడ్డు, కొండ, బౌద్ధుల కాలం నాటి శిథిలాలు. సెట్టు ఖర్చు మిగులు. దాసరి గారి ఇంకో సీరియల్ ‘శిథిలాలయం’ కూడా అక్కడే కానిచ్చేయొచ్చు, ఒకే టికెట్టు మీద.

కళింగపట్నం లైట్‌హౌస్:

వపా విషయం తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను, సిగ్గుగా ఉంది.

కానీ సిరిమానుగారూ, మీ పాప నోట్‌బుక్కులో వేసిన మాంత్రికుడు సినిమా రాకముందు వేసినది. సినిమా వచ్చాక వేస్తే ఆ నటుడి మొహం వేస్తుంది. పాతాళభైరవి చూసినవాళ్లలో మాంత్రికుడంటే ఎస్.వి. రంగారావు కాక ఇంకొకరు గుర్తొచ్చేవారు ఎవరైనా ఉన్నారా? అంత గొప్ప నటుడు కాబట్టి ఇంకా కష్టం. డెబ్బై ఏళ్లయినా ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదు. నా అభ్యంతరం ఇంతే. చెడ్డ సినిమా వస్తే వారంలో మరిచిపోతాం. మంచిది వస్తేనే ఇబ్బంది.

సిరిమాను:

ఇది నిజమే. దీనికి నా దగ్గర జవాబు లేదు. అన్నం టైమయింది, తర్వాత వస్తాను.

నాగావళి గట్టు:

నేను ఇంకా వారానికో భాగమనే అంటాను. చూసేవాళ్లు సగం మంది ఆగి అన్నీ ఒకేసారి చూస్తారంటే చూడనివ్వండి, మిగతా సగం మందికైనా ఆ వారం దక్కుతుంది. మా తమ్ముడిలాంటివాళ్లు ఎలాగూ ఉంటారు. వాడికి ఆ రాత్రి ఏమీ తక్కువ కాలేదు కూడా, కథ అయ్యేదాకా కదల్లేదని అమ్మ మురిసిపోయింది.

చెన్నైలో సిక్కోలు:

అప్పా, నేనే. ఈ లింకు నువ్వే గ్రూపులో పెట్టావు, మొత్తం చదివాను. నన్ను ఊరంతటికీ ఉదాహరణ చేసేశావు కాబట్టి ఒక సంగతి చెప్పక తప్పదు.

ఆ బైండులో చివరి రెండు నెలలవీ లేవు. నాకు నాలుగేళ్లప్పుడు ఆ రెండు చందమామలూ చింపి పడవలు చేసి కాలవలో వదిలేశానట. నాన్న బైండుకి ఇచ్చేటప్పుడు చూసి, తిట్టలేక ఊరుకున్నారని అమ్మ తర్వాత చెప్పింది. ఆ వేసవి రాత్రి నేను చదివిన ఆఖరి పేజీ కింద ‘ఇంకా ఉంది’ అనే ఉంది. నువ్వు అప్పుడు టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నావు. ఉత్తరం రాసి అడుగుదామనుకున్నాను గానీ, అడిగితే పడవల సంగతి బయటపడుతుందని మానేశాను.

నువ్వు నెల్లాళ్లు ఆగావు. నేను అప్పటి నుంచీ ఆగుతూనే ఉన్నాను. స్కాన్లు నెట్‌లో ఉన్నాయని తెలుసు, ఆ రెండు సంచికలూ తెరవలేదు. మా పిల్లలు అడిగినప్పుడు ముగింపు నేనే అల్లి చెప్పాను. ఇప్పుడు అసలుది వేరేగా ఉంటే వాళ్ల ముందు నా పరువేం కావాలి? సినిమా వచ్చినా, వారం వారం వచ్చినా నాకు ఒకటే, ఆ చివరి ముక్క మాత్రం చూడను.

ఏడురోడ్ల జంక్షన్:

ఓర్నాయనో!

నాగావళి గట్టు:

ఆ రెండు సంచికలూ ఎవరో అడిగి పట్టుకెళ్లి తిరిగివ్వలేదని నాన్న నాతో చెప్పారు. ఎదురింటివాళ్లని అనుమానించాను ఇన్నేళ్లూ. పిల్లలకి ఏ ముగింపు చెప్పావురా? ఇక్కడ రాయకు, మూడులాంతర్లుగారు తీసేస్తారు. ఫోన్ చెయ్యి, మేలుకునే ఉన్నాను.