పెర్సెఫొనీలో ముక్కలైంది ఎవరు? కాస్త చెప్పగలరా

అమెరికన్ కవయిత్రి లూయీస్ గ్లుక్ 2006లో తెచ్చిన కవితల పుస్తకం 'అవెర్నో' చదువుతున్నాను. అందులో 'పెర్సెఫొనీ ద వాండరర్' అనే ఒకే పేరుతో రెండు కవితలున్నాయి. మొదటిదాని దగ్గరే ఆగిపోయాను.

గ్రీకు పురాణ కథ తెలిసిందే. పాతాళ రాజు హేడీస్ పెర్సెఫొనీ అనే పిల్లను ఎత్తుకుపోతాడు, తల్లి డిమీటర్ దుఃఖంతో పంటలు పండవు, దానిమ్మ గింజ తిన్నందుకు పిల్ల ఏటా కొన్నాళ్లు కిందే ఉండాలి. పాత గ్రీకు స్తోత్రంలో అది ఏడాదిలో మూడో వంతు, రోమన్ కవి ఓవిడ్ దగ్గర సగం. గ్లుక్ మాత్రం వీళ్లు మనుషులే కారు, ఒక సంఘర్షణకు ముఖాలు అంటుంది. ఆత్మ మూడుగా చీలినట్టే అంటూ మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ చెప్పిన ఇడ్ (అదుపులేని కోరిక), ఈగో (మధ్యలో సర్దుకునే 'నేను'), సూపర్ ఈగో (మంచిచెడులు చెప్పే అంతరాత్మ) అనే వాటిని తెస్తుంది.

మరి ఎవరు ఏది? హేడీస్ ఇడ్, తల్లి సూపర్ ఈగో, మధ్యలో నలిగే పిల్ల ఈగో అనుకున్నా. కానీ అలా అతికిస్తే కవిత లెక్కల పుస్తకంలా అయిపోతోంది! పైగా తల్లి ప్రేమలోనూ ఆ పట్టు, ఆ సొంతం చేసుకోవడం కనిపిస్తోంది. హేడీస్‌కి, ఆమెకి తేడా ఏమిటసలు?

ఈ పుస్తకం చదివినవాళ్లు మీరెలా అర్థం చేసుకున్నారో చెప్పండి. రెండో కవిత మొదటిదాన్ని ఎక్కడ మారుస్తుందో కూడా చెబితే మేలు.