చాలా ఎక్కువ బ్లీడింగ్: లీక్ కాకుండా మీరేం చేస్తున్నారు?

తొలకరి:
అందరికీ నమస్కారం. ఈమధ్య నాకు పీరియడ్స్ రెండో రోజు, మూడో రోజు బ్లీడింగ్ చాలా ఎక్కువగా ఉంటోంది. పెద్ద సైజు ప్యాడ్ పెట్టుకున్నా గంటన్నర తిరిగేసరికి పక్కల నుంచి బట్టలకు అంటుకుంటోంది. నాది నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం. క్లాసు మధ్యలో వదిలి వెళ్లలేను. కుర్చీలోంచి లేచినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసుకోవడమే పనైపోయింది. రాత్రిళ్లు అలారం పెట్టుకుని లేచి మార్చుకుంటున్నాను. ముదురు రంగు బట్టలు వేసుకోమని ఇప్పటికే చాలామంది చెప్పారు. దానివల్ల మరక కనిపించదేమో గానీ టెన్షన్ మాత్రం పోదు. మీలో ఇలా ఎక్కువ అయ్యేవాళ్లు ఏం వాడుతున్నారో, ఎలా నెట్టుకొస్తున్నారో కాస్త వివరంగా చెప్పండి.

సంపంగి:
తొలకరీ, లేచి నిలబడగానే ఒక్కసారిగా దిగడం, అప్పుడే లీక్ కావడం నీకూ ఉందా? నాకు ఎప్పుడూ అదే. కూర్చున్నంతసేపు, పడుకున్నంతసేపు రక్తం లోపలే కొంత నిలుస్తుంది. లేవగానే అదంతా ఒకేసారి కిందికి వస్తుంది. ప్యాడ్‌లో ఇంకా చోటున్నా అంత వేగంగా పీల్చుకోలేదు. దానికి తోడు గడ్డలు పడితే మరీ కష్టం. గడ్డ ప్యాడ్‌లోకి ఇంకదు, పైపైనే జారి అంచు దాకా పోతుంది. విప్పి చూస్తే ప్యాడ్ సగం పొడిగానే ఉంటుంది, లోదుస్తులు మాత్రం తడిసిపోయి ఉంటాయి. అందుకే ఇంకా పెద్ద ప్యాడ్ కొన్నంత మాత్రాన లీక్ ఆగదు.

నాకు పనికొచ్చిన విషయాలు చెప్తాను. ఎక్కువసేపు కూర్చున్నాక లేస్తే నేరుగా బాత్రూమ్‌కే వెళ్తాను. కమోడ్ మీద ఒక నిమిషం కూర్చుని రెండుసార్లు గట్టిగా దగ్గితే లోపల నిలిచింది చాలావరకు అక్కడే పడిపోతుంది. క్లాసుకు వెళ్లే ముందు నువ్వూ ఇలా చేసి చూడు. ఇంకోటి, ఎలాస్టిక్ సాగిపోయిన పాత లోదుస్తులు ఆ రోజుల్లో అస్సలు వద్దు. ప్యాడ్‌కీ ఒంటికీ మధ్య వేలు దూరేంత సందు ఉన్నా రక్తం అక్కడి నుంచే పక్కకు వెళ్తుంది. బిగుతుగా ఉండేవి వేసుకుంటే అదే ప్యాడ్ ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుంది. ప్యాడ్ నిండిందా లేదా అని చూడకుండా గడియారం చూసి మార్చుకో.

నీలిమేఘం:
నేను రాత్రి సంగతి చెప్తాను. వెల్లకిలా పడుకుంటే రక్తం వెనక్కి, నడుము వైపు పారుతుంది. పగలు పెట్టుకున్న చోటే ప్యాడ్ పెట్టుకుంటే దాని వెనక అంచు దాటి దుప్పటికి అంటుకుంటుంది. నేను ప్యాడ్‌ని బాగా వెనక్కి జరిపి పెడతాను. బాగా ఎక్కువగా ఉండే రోజు రెండో ప్యాడ్‌ని నడుము దగ్గర అడ్డంగా అతికిస్తాను, రెండూ కలిసి టీ ఆకారంలో ఉంటాయి. పైన బిగుతు షార్ట్ వేసుకుంటే నిద్రలో అటూ ఇటూ దొర్లినా ప్యాడ్ కదలదు.

ఇప్పుడు డైపర్‌లా తొడుక్కునే పీరియడ్ ప్యాంటీలు దొరుకుతున్నాయి. కాన్పు తర్వాత చాలామంది ఇవే వాడతారు. చూడ్డానికి ఎలా ఉన్నా రాత్రంతా నిద్ర పడుతుంది, నాకు అంతకంటే ఏం కావాలి? పరుపు మీద నీళ్లు ఇంకని షీట్, దాని మీద మందపాటి తువ్వాలు వేసుకో. ఎప్పుడైనా లీక్ అయినా అర్ధరాత్రి పక్కంతా మార్చక్కర్లేదు, తువ్వాలు తీసేస్తే చాలు.

రెండుజడలు:
నేను మెన్‌స్ట్రువల్ కప్‌కి (లోపల పెట్టుకుంటే రక్తాన్ని పట్టి ఉంచే మెత్తని చిన్న గిన్నె) మారాను, మళ్లీ ప్యాడ్ జోలికి పోలేదు. మామూలు సైజు కప్‌లో 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది. మామూలు టాంపాన్ (లోపల పెట్టుకునే దూది చుట్ట) పీల్చేది దాదాపు 5 నుంచి 10 మిల్లీలీటర్లే. తేడా ఎంతుందో చూడండి. కంపెనీలు 12 గంటలు ఉంచుకోవచ్చంటాయి గానీ మనలాంటివాళ్లకి మొదటి రోజుల్లో అది కుదరదు. నేను మూడు నాలుగు గంటలకోసారి తీసి కడుక్కుంటాను.

డిస్క్ అని ఇంకోటి ఉంది, కప్‌లాగే లోపల పెట్టుకునే వెడల్పాటి పళ్లెం లాంటిది, దానికి ఇంకా ఎక్కువ పడుతుంది. అమెరికాలో కొందరు పరిశోధకులు గడువు దాటిన నిజమైన రక్తంతోనే వీటిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. అంతకుముందు కంపెనీలు ఎక్కువగా నీళ్లతో, ఉప్పునీళ్లతో కొలిచి చెప్పేవి. డిస్క్‌లు సగటున 61 మిల్లీలీటర్లు పట్టాయట. పీరియడ్ ప్యాంటీలు మాత్రం దాదాపు 2 మిల్లీలీటర్లే పీల్చాయట. నేను చెప్పేది ఉతికి మళ్లీ వాడుకునే ప్యాంటీల గురించి, నీలిమేఘం గారు చెప్పిన డైపర్ రకం గురించి కాదు. అవి కప్‌కి తోడుగా బాగుంటాయి. బ్లీడింగ్ ఎక్కువగా ఉన్న రోజున వాటినొక్కటే నమ్ముకోవద్దు.

చిరుగాలి:
నాకు కప్ పెట్టుకున్నా లీక్ అయింది. రెండు నెలలు చూసి పక్కన పడేశాను.

రెండుజడలు:
చిరుగాలి గారూ, చాలాసార్లు కప్ లోపల పూర్తిగా విచ్చుకోకపోవడం వల్లే అలా అవుతుంది. పెట్టుకున్నాక కప్ అడుగున చుట్టూ వేలు తిప్పి చూడండి. ఎక్కడైనా మడత తగిలితే కొంచెం తిప్పండి, విచ్చుకుంటుంది. కొందరికి గర్భసంచి ముఖద్వారం కిందికి ఉంటుంది. అది కప్‌లోకి దిగి సగం చోటు ఆక్రమిస్తుంది. అలాంటివాళ్లకి పొట్టి కప్ గానీ డిస్క్ గానీ నయం. అలవాటయ్యేదాకా సన్నని ప్యాడ్ తోడుగా ఉంచుకోండి. టాంపాన్ వాడేవాళ్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ 8 గంటలు దాటనివ్వొద్దు. టాక్సిక్ షాక్ (బ్యాక్టీరియా విషం ఒంట్లోకి పాకడం) చాలా అరుదు, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది.

వార్డు_అక్క:
స్త్రీల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. పైన అందరూ చెప్పినవి మంచి చిట్కాలే. కానీ తొలకరి రాసింది చదివితే నాకు ముందు చెప్పాలనిపించేది వేరే ఉంది. గంటన్నరకో ప్యాడ్, రాత్రి అలారం, ఇవి డాక్టర్‌కి చెప్పుకోవాల్సిన లక్షణాలమ్మా. లీక్‌ని ఆపుకోవడం ఎంత బాగా అలవాటైపోతుందంటే, ఇంత రక్తం ఎందుకు పోతోందన్న ప్రశ్న వెనక్కి వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి రెండేసి ప్యాడ్‌లతో సర్దుకుని, చివరికి కళ్లు తిరిగి పడిపోయాక వచ్చినవాళ్లని చూశాను.

మామూలుగా ఒక పీరియడ్‌లో పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ అని లెక్క. ఇంట్లో ఎవరూ కొలుచుకోలేరు కాబట్టి 1990లో బ్రిటన్ డాక్టర్లు ఒక చార్ట్ ప్రచురించారు. వాడిన ఒక్కో ప్యాడ్‌కి మార్కులు వేసుకోవాలి: కొద్దిగా తడిస్తే 1, మధ్యస్థంగా తడిస్తే 5, పూర్తిగా తడిస్తే 20. చిన్న గడ్డకి 1, పెద్ద గడ్డకి 5. పీరియడ్ మొత్తానికి కలిపి 100 దాటితే రక్తం ఎక్కువ పోతున్నట్టే. ఫోన్‌లోనో డైరీలోనో రాసి తీసుకెళ్లు. "కొంచెం ఎక్కువే అవుతోందండి" అని చెప్పేదానికంటే ఆ కాగితం చూపిస్తే మాట వింటారు. ఏడు రోజులు దాటినా, రెండున్నర సెంటీమీటర్ల కంటే పెద్ద గడ్డలు పడుతున్నా, దానివల్ల ఉద్యోగం, నిద్ర పాడవుతున్నా వెళ్లి చూపించుకోవాలి. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు మూడు గంటలు తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా, ఆయాసంగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. గర్భం ఉండే అవకాశం ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

మల్లెతీగ:
పీరియడ్స్ వాయిదా వేసుకునే మాత్రలు వేసుకుంటే బ్లీడింగ్ ఆగిపోతుంది కదండీ? నేను ప్రయాణాలప్పుడు మందుల షాపులో తెచ్చుకుని వేసుకుంటాను.

వార్డు_అక్క:
మల్లెతీగా, అవి హార్మోన్ మాత్రలు. ఆపిన రెండు మూడు రోజులకే బ్లీడింగ్ వస్తుంది. డాక్టర్ చూసి ఇస్తే సరే, సొంతంగా ప్రతిసారీ వేసుకుంటే అసలు కారణం బయటపడదు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి ప్రమాదం కూడా.

బ్లీడింగ్ ఉన్న రోజుల్లో మాత్రమే వేసుకునే మందు ట్రానెగ్జామిక్ యాసిడ్. ఇది హార్మోన్ కాదు. చాలామందికి రక్తస్రావం దాదాపు సగానికి తగ్గుతుంది. దీన్ని జపాన్‌కి చెందిన ఉతాకో ఒకమోతో అనే డాక్టరమ్మ, ఆమె భర్త కలిసి కనుగొని 1962లో ప్రకటించారు. కాన్పు తర్వాత రక్తం ఆగక తల్లులు చనిపోతుంటే చూడలేక ఆమె ఆ పని చేశారట. ఆవిడ గురించి ఆడవాళ్లందరికీ తెలియాలని నా కోరిక. అయితే రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లు దీన్ని కూడా వాడకూడదు, డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి. మెఫెనమిక్ యాసిడ్ నొప్పినీ తగ్గిస్తుంది, బ్లీడింగ్‌నీ కొంత తగ్గిస్తుంది. నొప్పికి ఆస్పిరిన్ మాత్రం వేసుకోవద్దు, రక్తం ఇంకా పోతుంది.

కార్తీకం:
నలభై దాటినవాళ్ల కోసం రాస్తున్నాను. ఈ వయసులో ఇంతే, నెలసరి ఆగే ముందు అందరికీ ఇలాగే అవుతుంది అని చాలాకాలం విన్నాను. స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని కణితి) కనిపించింది. చిన్నదే, కానీ గర్భసంచి లోపలి వైపుకి పెరిగింది. సైజు కన్నా అది ఉన్న చోటే బ్లీడింగ్‌కి ముఖ్యమని అప్పుడు తెలిసింది. మొదట చూపించుకున్న చోట రిపోర్టు చూసీ చూడగానే గర్భసంచి తీసేద్దాం అన్నారు. నాకు మనసొప్పక ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. కడుపు కోయకుండా కింది నుంచే కెమెరా గొట్టం పంపి ఆ ఒక్క ఫైబ్రాయిడ్‌నే తీశారు. గర్భసంచి తీయాల్సిన సందర్భాలు నిజంగానే ఉంటాయి. కానీ ఆ మాట వినగానే తలూపకుండా "ఇంతకంటే చిన్న చికిత్స ఏముంది?" అని అడగండి.

మా చెల్లికి బ్లీడింగ్ తగ్గడానికి గర్భసంచిలో హార్మోన్ లూప్ వేశారు. మొదటి మూడు నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపించి విసుగెత్తించింది, తర్వాత సన్నని ప్యాడ్ చాలనేంతగా తగ్గింది. ఆ మొదటి నెలల్లో భయపడి తీయించేసుకునేవాళ్లు ఎక్కువ, కాస్త ఓపిక పట్టాలి. 45 దాటాక బ్లీడింగ్ పెరిగితే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తామంటారు. చేయించుకోండి, వాయిదా వేయొద్దు. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా అదే మాట.

అమ్మ_ఇద్దరికి:
మా పెద్దమ్మాయికి మొట్టమొదటి పీరియడ్ నుంచే ఇలా. కొత్తలో సక్రమంగా ఉండదులే అన్నారు అందరూ. డేట్లు అటూ ఇటూ అవడం మామూలే గానీ అంత రక్తం పోవడం మామూలు కాదని ఒక డాక్టర్ గట్టిగా చెప్పారు. దానికి పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, ముక్కు నుంచి రక్తం, చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోవడం కూడా ఉండేవి. మేమెవరం వాటిని పీరియడ్స్‌తో కలిపి ఆలోచించలేదు. పరీక్షల్లో వాన్ విల్లీబ్రాండ్ అని రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు తేలింది. ఇది పుట్టుకతో వచ్చేది. ఇంట్లో ఆడపిల్లలకి మొదటి నుంచీ ఎక్కువ అవుతుంటే ఈ పరీక్ష గురించి మీరే అడగండి.

స్కూల్ బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న సంచి ఉంటుంది: రెండు ప్యాడ్‌లు, ఒక లోదుస్తు, ఒక లెగ్గింగ్, జిప్ కవరు. ఆ సంచి ఉందన్న ధైర్యంతోనే అది స్కూల్ మానడం మానేసింది.

చిరుగాలి:
మరకల గురించి ఎవరూ రాయలేదు. చల్లటి నీళ్లే వాడండి, వేడినీళ్లు పోస్తే రక్తంలోని ప్రొటీన్ బట్టకి పట్టేసి మరక వదలదు. తడి ఆరకముందే నానబెట్టాలి.

నీలిమేఘం:
నీరసం కూడా ఉందా తొలకరీ? మెట్లెక్కితే గుండె దడ, జుట్టు రాలడం, ఊరికే ఐసు ముక్కలు నమలాలనిపించడం? నాకు హిమోగ్లోబిన్ 12 పైనే ఉందని, నార్మల్ అని పంపేశారు. తర్వాత ఫెరిటిన్ చూస్తే అడుగంటిపోయి ఉంది. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వ. ముందు అది తగ్గుతుంది, హిమోగ్లోబిన్ పడిపోవడం తర్వాతి సంగతి. రెండూ రాయించుకో. ఐరన్ మాత్రతో పాటు టీ, కాఫీ తాగొద్దు, అవి ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. మలం నల్లగా వస్తే కంగారు పడకు, మాత్ర వల్లే.

తొలకరి:
ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. చాలా థాంక్స్ అక్కలూ. దగ్గే చిట్కా ఇవాళే చేశాను, క్లాసు మొత్తం నిశ్చింతగా గడిచింది. ఐసు సంగతి చదివి ఉలిక్కిపడ్డాను, ఫ్రిజ్‌లో ట్రే ఖాళీ చేసేది నేనే. చార్ట్ రాయడం మొదలుపెట్టాను, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఒక్క అనుమానం. నాకు కిందటేడు కాపర్ టీ వేశారు. అది ఉండగా కప్ పెట్టుకోవచ్చా?

వార్డు_అక్క:
కాపర్ టీ ఉందా! డాక్టర్ దగ్గర ముందు ఆ మాటే చెప్పు. కాపర్ టీ వల్ల చాలామందికి బ్లీడింగ్ పెరుగుతుంది, ముఖ్యంగా వేసిన కొత్తలో. నీకు ఎక్కువ కావడం అది వేశాక మొదలైందా, ముందు నుంచీ ఉందా అని తప్పకుండా అడుగుతారు, గుర్తు తెచ్చుకుని వెళ్లు. అదే కారణమైతే తీసేసి ఇంకో పద్ధతి చూస్తారు. అయినా ఫెరిటిన్, థైరాయిడ్, స్కానింగ్ మానొద్దు.

కప్ సంగతి, కొందరు వాడుతున్నారు. కానీ లోపల అతుక్కున్న కప్‌ని అలాగే గుంజితే ఆ లాగుడుకో, కాపర్ టీకి ఉండే దారం చిక్కుకునో కాపర్ టీ జారి రావచ్చు. తీసేముందు కప్ అంచుని వేలితో నొక్కి, గాలి లోపలికి పోనిచ్చి పట్టు వదిలించి, దారం పట్టుకోకుండా మెల్లగా తీయాలి. డాక్టర్ని కలిసేదాకా మాత్రం ప్యాడ్‌లతోనే కానివ్వు.