వెండి నానో నీళ్లు రోజూ తాగొచ్చా?

మిర్చియార్డు సూరి, గుంటూరు:
మా అత్తయ్యకి నూనె చింది చెయ్యి కాలితే డాక్టరుగారు వెండి నానో పట్టీ (కంటికి ఆనని అతి సన్న వెండి రేణువులున్నది) వేశారు. చీము పట్టకుండా మానింది. అది చూసి మా తోడల్లుడు ‘వెండి నానో నీళ్లు’ అని ఓ సీసా తెచ్చాడు. రోజూ రెండు చెంచాలు తాగితే ఏ జబ్బూ దగ్గరికి రాదట. పుండుకి మంచి చేసింది కడుపుకి చెడు చేస్తుందా?

కృష్ణలంక మాస్టారు:
చేస్తుంది సూరిగారూ. టింక్చర్ అయోడిన్ గాయానికి రాస్తాం, గ్లాసులో పోసుకోం కదా! పట్టీలోని వెండి రేణువు తడి తగిలితే కొద్దికొద్దిగా అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు, వదులుతుంది. అవి బాక్టీరియా ప్రొటీన్లలోని గంధకాన్ని పట్టుకుని వాటి పని ఆపేస్తాయి. పట్టీ ఊడదీస్తే సరి. తాగిన వెండి కొంత ఒంట్లోనే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి తాగితే చర్మంలో చేరి, ఎండకి పాత ఫొటో ఫిల్ము నల్లబడ్డట్టు ఒళ్లు నీలిబూడిద రంగుకి తిరుగుతుంది. ఆర్జీరియా అంటారు. ఆ రంగు మామూలుగా పోదు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే ఇలాంటి వెండి మందుల్ని సురక్షితమనీ, పనిచేస్తాయనీ ఒప్పుకోలేమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది.

సత్యనారాయణపురం అమ్మాయి:
వెండి గిన్నెలో అన్నప్రాసన, వెండి గ్లాసులో పాలు. మా ఇంట్లో ఎవరూ నీలంగా లేరే మాస్టారూ?

కృష్ణలంక మాస్టారు:
గ్లాసు వేరమ్మా. అదే వెండిని నానో పొడి చేస్తే పైతలం లక్షల రెట్లు పెరుగుతుంది, అయాన్లూ ఎక్కువ వదులుతుంది, గుణమూ మారుతుంది. బంగారమే చూడు. బీసెంట్ రోడ్డులో కొన్న ఉంగరం నూరేళ్లయినా దేనితోనూ కలవదు. దాన్నే 5 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు) లోపు రేణువులు చేసి లోహపు ఆక్సైడు మీద అద్దితే, సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నా కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుని మండించేస్తుంది. జపాన్‌లో హరుటా అనే శాస్త్రవేత్త 1987లో చూపించాడు.

అరండల్‌పేట ఫార్మసిస్టు:
మాస్టారి మాట నిజమే గానీ, నానో అంటేనే భయపెట్టకండి. కిడ్నీ రోగులకి రక్తహీనత ఉంటే ఇచ్చే ఫెరుమాక్సిటాల్ ఇనుప నానో రేణువుల ఇంజెక్షనే. అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది. ప్రాణం మీదికి తెచ్చే అలర్జీలు కనబడ్డాయని 2015లో హెచ్చరిక గట్టి చేశారు, మందు మాత్రం తీసెయ్యలేదు. దానికో డోసుంది, పక్కన నర్సుంటుంది. ఇంకోటి, కాలిన గాయాలకి మనం రాసే తెల్ల క్రీము సిల్వర్ సల్ఫాడయాజిన్, నానో కాదు. చాలామంది రెండూ కలిపేస్తున్నారు.

మిర్చియార్డు సూరి:
ఇదంతా మా తోడల్లుడికి చదివి వినిపించాను. “ఎక్కువ తాగితేనే కదా” అంటాడు. సీసా తిప్పి తిప్పి చూశా, అందులో వెండి ఎంతుందో ఎక్కడా రాయలేదు.