అప్‌డేట్: ఆసుపత్రిలో కొత్త హెచ్‌ఓడీలకు (విభాగాల హెడ్‌లకు) లీడర్‌షిప్ ట్రైనింగ్, చివరికి ఏది పనిచేసిందంటే

హెచ్‌ఓడీలైన డాక్టర్లను, ఆపరేషన్స్ మేనేజర్లను కోర్సుకు పంపాలా, ఇక్కడే తయారుచేసుకోవాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది జోడీ పద్ధతి, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎప్పటినుంచో ఉన్నదే. ప్రతి హెచ్‌ఓడీకి ఒక మేనేజర్‌ని జతచేసి, ఇద్దరికీ కలిపి ఒకటే లెక్క అప్పజెప్పాం: డిశ్చార్జ్ రాసినప్పటి నుంచి బెడ్ ఖాళీ అయ్యేదాకా ఎంతసేపు? డిశ్చార్జ్ ఆర్డర్, డిశ్చార్జ్ సమ్మరీ (చికిత్స వివరాల పత్రం), మిగిలిన మందుల రిటర్న్, ఫైనల్ బిల్, టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) అప్రూవల్... ప్రతిదాని టైమూ ఫైల్ మీదే రాయించాం. అందరూ టీపీఏని తిట్టేవాళ్లు; తీరా చూస్తే ఆలస్యమంతా సమ్మరీ దగ్గరే. క్యాష్‌లెస్ ఫైనల్ అప్రూవల్‌కి ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో పెట్టిన 3 గంటల గడువు సమ్మరీతో మన రిక్వెస్ట్ వెళ్లాకే మొదలవుతుంది మరి!

ఇప్పుడు సమ్మరీ డ్రాఫ్ట్ ముందురోజు సాయంత్రమే డ్యూటీ డాక్టర్ రాస్తారు, రౌండ్స్ అవ్వగానే కన్సల్టెంట్ సంతకం పెడతారు. ఈ మాట మేనేజర్ చెబితే ఎవరూ వినలేదు, హెచ్‌ఓడీ చెబితే విన్నారు.

పర్సనాలిటీ టెస్టులు, రిసార్ట్ వర్క్‌షాప్ దండగ. ఒక్క జాగ్రత్త: ఓపీ టైమ్ పోతే, చూసిన పేషెంట్లను బట్టి వచ్చే ఇన్సెంటివ్ పోతుందని హెచ్‌ఓడీలు మీటింగులకు రారు. వారానికి ఒక పూట ఓపీ బ్లాక్ చేసి, ఆ మేరకు ఫిక్స్‌డ్ పే ఇవ్వాల్సిందే.