సిగరెట్టుకు 40 శాతం, బీడీకి 18 శాతం: ఈ తేడాకు ఆరోగ్యపరమైన కారణం ఉందా?

ప్రశ్న:
పొగాకుపై పన్ను పెంచితే తాగేవారు తగ్గుతారన్న మాటను నేను నమ్ముతాను. అయితే 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్లను 40 శాతం శ్లాబులో చేర్చాలని నిర్ణయిస్తూనే, బీడీలపై పన్నును 28 నుంచి 18 శాతానికి, బీడీ చుట్టే తునికాకుపై 18 నుంచి 5 శాతానికి తగ్గించింది. మా నాన్నగారు నలభై ఏళ్లుగా బీడీలు తాగుతున్నారు. అర్ధరాత్రి దగ్గు తెర వస్తే మంచం పట్టె పట్టుకుని కూర్చుంటారు. అది తగ్గగానే తలగడ కింద కట్ట కోసం తడుముకుంటారు. ఆయన తాగే బీడీ సిగరెట్టు కంటే తక్కువ హానికరమా? కాకపోతే పన్ను ఎందుకు తగ్గించారు?

మొదటి సమాధానం:
తక్కువ హానికరం కాదండీ. తునికాకులోంచి గాలి సరిగా ఆడదు కనుక, బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. అందువల్ల పొగాకు తక్కువే ఉన్నా తారు, కార్బన్ మోనాక్సైడ్ ఊపిరితిత్తుల్లోకి ఎక్కువగా చేరతాయి. పైగా 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో సిగరెట్లు తాగేవారు 4 శాతమైతే, బీడీలు తాగేవారు 7.7 శాతం. అంటే ఎక్కువ మంది తాగేదాన్నే, అందులోనూ పేదలు తాగేదాన్నే చవకగా ఉంచుతున్నాం. ధర 10 శాతం పెరిగితే మనలాంటి దేశాల్లో వాడకం సుమారు 5 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చిల్లర ధరలో కనీసం 75 శాతం పన్నే ఉండాలని కూడా ఆ సంస్థ చెబుతోంది. సిగరెట్టు ఒక్కదాని ధరే పెంచితే కొందరు మానేస్తారు, కొందరు బీడీకి దిగుతారు. రెండో దారిని మనమే తెరిచిపెట్టినట్లవుతుంది.

రెండో సమాధానం:
మాది జగిత్యాల వైపు. మా అమ్మ పెళ్లి కాకముందు నుంచీ బీడీలు చుడుతోంది. చాట ఒళ్లో పెట్టుకుని, తడిపిన ఆకును కత్తెరతో కత్తిరించి, తంబాకు నింపి చుట్టి దారం కడితే, వెయ్యి బీడీల లెక్కన కూలీ ఇస్తారు. ఆకు బాగాలేదని కార్ఖానాలో కొన్ని తీసి పక్కన పడేస్తే ఆ శ్రమకు కూలీ ఉండదు. చేతివేళ్ల చర్మం అరిగిపోయింది, తంబాకు ఘాటుకు ఆమెకూ దగ్గు వస్తుంది. అందుకే పన్ను పెంచవద్దని నేను అనను. కానీ పన్ను వేసినవాళ్లు ఈ చాటను మరిచిపోతే మాత్రం ఒప్పుకోను. ఒకప్పుడు బీడీలపై వసూలు చేసే సెస్సుతో కార్మికుల ఆసుపత్రులు, పిల్లల స్కాలర్‌షిప్పులు నడిచేవి. జీఎస్టీ వచ్చాక 2017లో ఆ సెస్సు పోయింది. కూలీల పేరు చెప్పి పన్ను తగ్గించారు సరే, తగ్గిన ఆ పది శాతం మా అమ్మ కూలీలో కలుస్తుందని ఎవరు హామీ ఇచ్చారు?

మూడో సమాధానం:
పైన చెప్పిన రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డు కావని ఫిలిప్పీన్స్ చూపించింది. అక్కడ 2012లో చేసిన చట్టం సిగరెట్లపై పన్నును బాగా పెంచి, అదనంగా వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగాన్ని పేదల ఆరోగ్య బీమాకు, కొంత భాగాన్ని పొగాకు పండించే ప్రాంతాలకు కేటాయించింది. మన దగ్గర కూడా బీడీ పన్ను పెంచి, ఆ డబ్బును నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల మహిళలకు వేరే ఉపాధి దొరికేదాకా నెలనెలా అందేలా చట్టంలోనే రాయాలి. సాధారణ ఖజానాలో కలిపేస్తే అది మళ్లీ చుట్టేవారి దాకా రాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మా నాన్నగారి కట్టను చుట్టిన చేతుల గురించి నేను ఇంతవరకు ఆలోచించలేదు. బీడీ ధర పెరగాలనే ఇప్పటికీ కోరుకుంటున్నాను. అయితే మా ఎంపీ గారికి రాయబోయే లేఖలో, పెరిగిన పన్నులో చుట్టేవారి వాటా ఎంతో ముందే తేల్చాలని కూడా అడుగుతాను.